చెయ్యి నలిగితే ఆర్నెల్ల లెక్క

ప్రెస్సు కింద చెయ్యి పడ్డ కార్మికుడు దవాఖానలో తేరుకోగానే అడిగేవి రెండే మాటలు. వేళ్లు మిగులుతాయా సార్? డ్యూటీ ఎప్పుడు ఎక్కొచ్చు? మొదటిదానికి డాక్టర్ జవాబు చెప్తాడు. రెండోదానికి తలా ఒక మాట వినిపిస్తుంది. కాంట్రాక్టర్ పదిహేను రోజులంటాడు. పక్క మంచం పేషెంటు మూడు నెలలంటాడు. ఊరి నుంచి ఫోన్ చేసిన బావ ఆ నౌకరి ముచ్చటే మరిచిపొమ్మంటాడు. ముగ్గురూ తెలియక చెప్పేవాళ్లే.

ఇంద్రేశంలో, చుట్టుపక్కల కాలనీల్లో కిరాయికి ఉంటూ పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద గాయం ఒక్క ఆపరేషన్‌తో తేలదు. ఎముక కనబడేలా చర్మం ఊడినా, నరాలు తెగి కండ నలిగినా, లోతుగా కాలినా ప్లాస్టిక్ సర్జన్ ఒకే పద్ధతితో దాన్ని మూయలేడు. నాలుగైదు పద్ధతులను వరసగా కలిపి వాడతాడు. ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది. ఆ వరస ముందే తెలిస్తే సెలవు, జీతం, కాగితాలు, ఇంట్లో మనిషి తోడు అన్నీ దానికి తగ్గట్టు అమర్చుకోవచ్చు. తెలియకపోతే రెండో ఆపరేషన్ మాట వినగానే 'ఈ డాక్టర్ చెడగొట్టాడు' అనుకుని మధ్యలో డిశ్చార్జి రాయించుకుని వెళ్లిపోతారు. వేళ్లు పోయేది చాలాసార్లు అక్కడే.

మొదటి గంటలో

సర్జన్ ఎంత గొప్పవాడైనా మీరు తెచ్చిన చేతికే వైద్యం చేయగలడు. కాబట్టి షాప్ ఫ్లోర్ మీద మొదటి పది నిమిషాల్లో ఏం జరిగిందన్నది చాలా తేల్చేస్తుంది.

నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీదే గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో పట్టుకోవాలి. ప్యాకింగ్ వైరు, రబ్బరు ట్యూబు, ప్లాస్టిక్ తాడు బిగించి కట్టొద్దు. సన్నటి కట్టు లోపలి నరాన్ని నలిపేస్తుంది. అదిమినా ఆగకుండా ధారగా పోతుంటే వెడల్పాటి గుడ్డతో కట్టి, కట్టిన టైము చీటీ మీద రాసి చొక్కాకు గుచ్చండి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయండి. పసుపు, కాఫీ పొడి, గ్రీజు, సిరా, టూత్‌పేస్ట్ ఏదీ గాయం మీద పడకూడదు. పూసినదంతా తర్వాత గీకి తీయాల్సిందే, దాంతో పాటు బతికున్న చర్మమూ కొంత పోతుంది.

వేలు తెగి పడితే దాన్ని వెతికి తీసుకోండి. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లోగానీ మంచినీళ్లలోగానీ తడిపి, పిండి, అందులో వేలును చుట్టాలి. ఆ మూటను ప్లాస్టిక్ కవరులో వేసి గాలి, నీళ్లు చొరబడకుండా ముడి వేసి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో పెట్టాలి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు, నీళ్లలో నానకూడదు. ఇలా చల్లగా ఉంచిన వేలును దాదాపు ఒక రోజు వరకూ తిరిగి అతికించే ప్రయత్నం చేయొచ్చు. మోచేయి దగ్గరో ముంజేయి దగ్గరో తెగితే అంత టైము లేదు. అక్కడ కండ ఎక్కువ, కండకు నెత్తురు అందకపోతే ఆరు గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది. రోలర్‌లో ఇరుక్కుని చర్మం గ్లవ్‌లా ఊడొస్తే ఆ చర్మాన్నీ అలాగే కవరులో పెట్టి తీసుకెళ్లండి. దాన్ని పలచగా చేసి మళ్లీ అంటించే వీలు ఉండొచ్చు.

చిన్నగా కనబడి మోసం చేసే గాయాలు రెండున్నాయి. గ్రీజు గన్, పెయింట్ స్ప్రే, హైడ్రాలిక్ పైపు లీకు తగిలితే వేలి మీద సూది బెజ్జమంత రంధ్రమే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం ఆ నూనె వేలు పొడవునా పాకి ఉంటుంది. అదే రోజు, వీలైతే ఆ గంటల్లోనే కోసి కడగాలి. రెండోది కరెంటు షాకు. బయట మచ్చ చిన్నదే, లోపల కండలు ఉడికిపోయి ఉంటాయి. ఈ రెంటినీ ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో సరిపెట్టి షిఫ్టు పూర్తి చేయించే సూపర్‌వైజర్ మాట వినొద్దు.

108కి ఫోన్ చేస్తూనే ఎక్కడికి పోవాలో తేల్చుకోండి. నెత్తురు ఆపి, సెలైన్ ఎక్కించి, టీటీ ఇంజెక్షన్ ఇవ్వడానికి పటాన్‌చెరు ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. ఈఎస్‌ఐ వాళ్లకు రామచంద్రాపురం, ఆపైన సనత్‌నగర్ ఉన్నాయి. నగరంలో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వేలు తెగిన కేసైతే, చర్మం పోయి ఎముక బయటపడితే మొదటి దవాఖానలోనే అడగాల్సిన మాట ఒకటుంది: 'ఇక్కడ ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా, లేకపోతే ఎక్కడికి రాస్తారు?' చందానగర్, మియాపూర్, కూకట్‌పల్లి దాటి సిటీలోకి చేరడానికి సాయంత్రం పూట ఎంతసేపు పడుతుందో ఈ రోడ్డు మీద తిరిగే మీకు చెప్పనక్కర్లేదు. నాలుగు చోట్ల దిగి ఎక్కేకంటే ఫోన్ చేసి కనుక్కుని ఒకచోటికే పోవడం మేలు.

థియేటర్‌లో జరిగే వరస

మొదటి ఆపరేషన్‌లో గాయం మూయరు. ఇది చాలామందికి మింగుడు పడదు. చచ్చిన చర్మం, నలిగిన కండ, లోపలికి పోయిన ఇనుప రజను, నూనె అంతా కోసి తీసేస్తారు, బకెట్ల కొద్దీ సెలైన్‌తో కడుగుతారు. ఎముక విరిగి ఉంటే సన్నటి తీగలతోనో బయటి రాడ్లతోనో నిలబెడతారు. రెండు మూడు రోజులకు మళ్లీ తీసుకెళ్లి చూస్తారు, ఎందుకంటే మొదటి రోజు బతికినట్టు కనబడిన కండ రెండో రోజుకు నల్లబడొచ్చు. కోయంబత్తూరు గంగా ఆస్పత్రిలో డాక్టర్ రాజా సభాపతి బృందం ఫ్యాక్టరీ చేతి గాయాల మీద దశాబ్దాలుగా పనిచేసి అన్నిటికన్నా ఎక్కువగా పట్టుబట్టింది ఈ మొదటి శుభ్రం మీదే. మురికి మీద ఎంత అందంగా కుట్టినా లోపల చీమే.

ఈ లోపు గాయం తెరిచే ఉండాలి, కానీ ఎండకూడదు, చీము పట్టకూడదు. దానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది వ్యాక్ మిషన్. గాయంలో స్పాంజి పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ పొర అంటించి, చిన్న పైపుతో లోపలి నీటిని లాగుతూ ఉంటారు. సుమారు 125 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో లాగితే వాపు తగ్గి, అడుగున ఎర్రటి కొత్త కండ పుట్టుకొస్తుంది. అమెరికాలో ఆర్జెంటా, మోరిక్వాస్ అనే ఇద్దరు 1997లో దీని మీద రాసిన పేపర్లతో ఇది ప్రపంచమంతా పాకింది. రెండు మూడు రోజులకోసారి స్పాంజి మారుస్తారు. ఆ మిషన్ చప్పుడు చేస్తుంటే భయపడొద్దు. చప్పుడు ఒక్కసారిగా మారినా, డబ్బాలోకి ఎర్రటి నెత్తురు గబగబా వచ్చినా మాత్రం నర్సును పిలవాలి. వ్యాక్ గాయాన్ని సిద్ధం చేస్తుంది, అంతే. దాన్నే నెలల తరబడి పెట్టి ఆపరేషన్ తప్పించుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మొద్దు.

తర్వాతది మూత. ఇక్కడ రెండు మాటలు మీ చెవిన పడతాయి. గ్రాఫ్ట్ అంటే తొడ మీద నుంచి పలచగా చర్మపు పొర గీసి గాయం మీద పరచడం. దానికి సొంత నెత్తురు ఉండదు, నారు పీకి వేరే మడిలో నాటినట్టే, అడుగున తడి ఉంటేనే బతుకుతుంది. బోసి ఎముక మీద, పై పొర ఊడిన స్నాయువు మీద పట్టదు. అలాంటిచోట ఫ్లాప్ కావాలి. ఫ్లాప్ అంటే తన రక్తనాళాన్ని తనతోనే తెచ్చుకునే చర్మం, కొవ్వు, ఒక్కోసారి కండతో సహా ఉండే ముక్క. ఎముక మీద ఫ్లాప్, ఆ పక్కన కండ మీద గ్రాఫ్ట్, ఫ్లాప్ తీసిన చోట మళ్లీ గ్రాఫ్ట్. ఒక్క చేతి మీద మూడూ ఉండటం మామూలే.

చేతికి మన ప్రభుత్వ దవాఖానల్లో ఇప్పటికీ పనికొచ్చేది గజ్జల ఫ్లాప్. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ అనే సర్జన్లు వివరించిన పద్ధతి. గజ్జల్లోంచి ఒక చర్మపు పట్టీని లేపి, ఒక కొస శరీరానికే వదిలేసి, రెండో కొసను చేతి గాయానికి కుడతారు. మూడు వారాల పాటు చెయ్యి తొడ మూలకు అతుక్కునే ఉంటుంది. ఆలోపు చేతి నుంచి కొత్త రక్తనాళాలు అందులోకి పాకుతాయి కాబట్టి అప్పుడు కోసి విడదీస్తారు.

ఈ మూడు వారాల గురించి ఎవరూ ముందు చెప్పరు, అందుకే చెప్తున్నాను. ప్యాంటు వేసుకోలేరు. లుంగీ, ముందు పూర్తిగా తెరుచుకునే గుండీల చొక్కా దగ్గర పెట్టుకోండి. కుడి చెయ్యి అతికి ఉంటే ఎడమ చేత్తో తినాలి, కడుక్కోవడానికీ ఒక మనిషి కావాలి, అది అమ్మో, భార్యో, తమ్ముడో ముందే అనుకోండి. వెల్లకిలా పడుకోవాలి. నిద్రలో చెయ్యి లాగేసుకోకుండా నడుముకు పట్టీ వేస్తారు. గజ్జల్లో చెమట పట్టి వాసన వస్తుంది, గుడ్డ మార్చమని అడగడానికి సిగ్గుపడొద్దు. కదిలే వేళ్లను రోజూ కదిలించాలి, భుజాన్ని వీలైనంత తిప్పాలి. లేకపోతే విడదీసిన రోజు చెయ్యి బాగుంటుంది, భుజం బిగుసుకుని ఉంటుంది. ఇంకో సంగతి: ఆ చర్మం వేలి మీదకొచ్చినా కడుపు దగ్గరి గుణం వదులుకోదు. మీరు లావైతే అదీ లావవుతుంది. ఆర్నెల్లు పోయాక కొవ్వు తీసి సన్నగా చేసే చిన్న ఆపరేషన్ ఉంటుంది.

మైక్రోస్కోప్, అనుభవం ఉన్న బృందం ఉన్నచోట ఫ్రీ ఫ్లాప్ చేస్తారు. తొడ నుంచో వీపు నుంచో ముక్కను పూర్తిగా కోసి తెచ్చి, రక్తనాళాలను చేతి నాళాలకు కలిపి కుడతారు. అతికి ఉండే మూడు వారాల బాధ తప్పుతుంది. బదులుగా మొదటి రెండు మూడు రోజులు గంట గంటకూ దాని రంగు, వెచ్చదనం చూడాలి. తెల్లగా పాలిపోయినా, నీలంగా ఉబ్బినా అర్ధరాత్రయినా మళ్లీ థియేటర్‌కే. ల్యుబ్ల్యానా నగరపు సర్జన్ మార్కో గోడినా 1986లో వచ్చిన తన పేపర్లో తేల్చిందేమిటంటే, గాయమైన 72 గంటల్లోపు ఇలా మూస్తే చీము, ఫ్లాప్ చెడిపోవడం బాగా తక్కువ. అందుకే మొదటి మూడు రోజులను దవాఖానలు మారుతూ పోగొట్టుకోవద్దంటున్నాను.

గాయం మూసుకున్నాక చెయ్యి పనిచేయడం అనే అసలు పని మొదలవుతుంది. తెగిన స్నాయువు కుడితే దాదాపు ఆరు వారాలు స్ప్లింట్, బరువు ఎత్తడానికి పన్నెండు వారాలు. నలిగి పోయిన స్నాయువైతే ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, మూడు నెలల తర్వాత దాని చోట ఇంకో స్నాయువును వేస్తారు. నరం కుడితే అది రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొసకు పద్దెనిమిది సెంటీమీటర్లు అనుకుంటే ఆర్నెల్లు. మచ్చ బిగిసి వేలు వంగిపోతే దాన్ని జెడ్ ఆకారంలో కోసి పొడిగిస్తారు. ఇవన్నీ కలిపితేనే ఆర్నెల్ల లెక్క. కొందరికి ఏడాది.

కాలి గాయాలు, కాలిన గాయాలు

రాత్రి షిఫ్టు దిగి 65వ నంబరు హైవే మీదో ఔటర్ సర్వీసు రోడ్డు మీదో బైకు మీద వస్తూ లారీ తగిలి మోకాలి కింద ఎముక బయటపడ్డవాళ్లది ఇదే కథ. మోకాలి దగ్గరైతే పిక్క కండను తిప్పి కప్పుతారు. చీలమండ దగ్గర తిప్పడానికి కండే లేదు కాబట్టి ఫ్రీ ఫ్లాప్ అంటారు. ఎముక డాక్టర్, ప్లాస్టిక్ డాక్టర్ మొదటి రోజే కలిసి చూడాలి. రాడ్డు వేసేశాక 'ఇక చర్మం సంగతి మీరు చూసుకోండి' అని పంపితే ఆలస్యమవుతుంది.

కాలిన గాయాల గురించి ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పేది లేదు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. కాలిన ఒంటితో దవాఖానల్లో పడుకున్నవాళ్ల బాధ వేరు. మంట తగిలినవాళ్లకు ఇరవై నిమిషాలు పారే నీళ్లు పోయాలి, ఐసు వద్దు. ఆమ్లం, కాస్టిక్ పడితే బట్టలు విప్పేసి ఇంకా ఎక్కువసేపు. పొడి కెమికల్ అయితే ముందు దులిపి తర్వాత నీళ్లు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడే చోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకపోతే ఆ షిఫ్టే నడపకూడదు, అడిగే హక్కు మీకుంది.

లోతుగా కాలిన చర్మాన్ని త్వరగా తీసేసి గ్రాఫ్ట్ వేస్తారు. ఒళ్లంతా కాలినవాళ్లకు తొడ మీద తీయడానికి సొంత చర్మం చాలదు. అప్పుడు చనిపోయినవాళ్లు దానం చేసిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. దీనికోసం ఉస్మానియాలో 2021లో స్కిన్ బ్యాంకు పెట్టారు. కళ్ల దానం గురించి మనకు తెలుసు, చర్మదానం గురించి ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడారా? గ్రాఫ్ట్ పట్టాక కూడా మచ్చ ఏడాది, ఏడాదిన్నర పాటు బిగుస్తూనే ఉంటుంది. బిగుతు తొడుగు రోజుకు ఇరవై మూడు గంటలు వేసుకోమంటారు. మన ఎండల్లో అది నరకమే, ఒప్పుకుంటాను. వేసుకోనివాళ్ల మెడ ఛాతీకి అతుక్కుపోతుంది, మళ్లీ కోయాలి.

వేలు తీసేయమంటే

డాక్టర్ 'ఈ వేలు తీసేద్దాం' అంటే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. నలిగి, నరం పోయి, కీలు పోయిన ఒక్క చిటికెన వేలి కోసం నాలుగు ఆపరేషన్లు చేయించుకుని, చివరికి వంగని, స్పర్శ లేని, పనిలో అడ్డొచ్చే వేలుతో మిగిలేకంటే తీసేసి ఆరు వారాల్లో పనికి పోవడమే చాలామంది కూలి మనుషులకు మంచిది. బొటనవేలైతే ఈ మాట చెల్లదు, దాన్ని ఎంత కష్టపడైనా దక్కించుకోవాలి, పోతే కాలి వేలు తెచ్చి పెట్టే ఆపరేషన్ కూడా ఉంది. అందుకే సంతకం పెట్టే ముందు అడగండి: దక్కిస్తే ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని నెలలు? దక్కాక ఆ వేలు వంగుతుందా, వేడి తెలుస్తుందా? తీసేస్తే ఎన్నాళ్లకు పని? మీరు ఏం పని చేస్తారో డాక్టర్‌కు వివరంగా చెప్పండి. లేత్ మీద మైక్రోమీటర్ పట్టేవాడికీ, మూటలు మోసేవాడికీ జవాబు ఒకటి కాదు.

ఇంటికొచ్చాక

పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తింటే గాయం పుండవుతుంది అని మన ఇళ్లలో పథ్యం పెడతారు. సరిగ్గా తలకిందులు. గాయం మానడానికి కావాల్సిందే ఆ మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప, మాంసం, పెరుగు ఏది దొరికితే అది తినండి. షుగరు ఉంటే అదుపులో పెట్టండి. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ పూర్తిగా బంద్. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఎనిమిది గంటలు కష్టపడి కుట్టిన ఫ్లాప్ ఒక్క బీడీతో నల్లబడ్డ కేసులు సర్జన్లందరికీ తెలుసు.

కల్లు సంగతి కూడా దాచొద్దు. మన వైపు కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారన్నది కొత్త మాట కాదు. రోజూ తాగే మనిషి దవాఖానలో చేరి రెండు రోజులు కల్లు లేకపోతే ఫిట్స్ వస్తాయి, మంచం మీద నుంచి లేచి పరుగెడతాడు, కట్టు పీకేస్తాడు. మత్తు డాక్టర్‌కు ముందే చెప్తే మందులతో ఆపుతారు. తిట్టడానికి అడగరు.

స్ప్లింట్ తీసేసి 'గాలి తగలనిద్దాం' అనుకోవద్దు. ఫిజియోథెరపీకి వారానికి ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు పోవాలి. సర్జన్ చేసింది సగం, మిగతా సగం ఆ గదిలోనే.

కాగితం మీద ఏం రాశారు

పని చోట దెబ్బ తగిలితే చాలా చోట్ల మొదట వినిపించే మాట: 'ఇంట్లో జారిపడ్డానని చెప్పు, ఖర్చంతా మేమే చూసుకుంటాం.' ఆ ఒక్క మాటకు మీరు ఎంత పోగొట్టుకుంటారో లెక్క చూడండి.

మీ జీతం నెలకు 18,000 అనుకుందాం, రోజుకు 600. పని ప్రమాదంగా నమోదైతే ఈఎస్‌ఐ తాత్కాలిక అశక్తత భృతి కింద 90 శాతం, అంటే రోజుకు 540 ఇస్తుంది. డాక్టర్ పనికి పనికిరావని రాసినన్నాళ్లూ ఇస్తుంది. చేరిన మొదటి రోజే ప్రమాదం జరిగినా వర్తిస్తుంది. ఇంట్లో పడ్డట్టు రాస్తే అది మామూలు జబ్బు. 70 శాతమే, అంటే 420, అదీ ఏడాదికి 91 రోజుల వరకే, అంతకు ముందు తగినన్ని రోజుల చందా కట్టి ఉంటేనే. ఆర్నెల్ల వైద్యంలో 91 రోజులు అయిపోయాక మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఇంకా పెద్ద నష్టం తర్వాత వస్తుంది. వైద్యం ముగిశాక మెడికల్ బోర్డు మీ సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది. చట్టం షెడ్యూలులో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. పై లెక్కలో చూపుడువేలు పోయినవాడికి 540లో 14 శాతం, రోజుకు 75 రూపాయల పైచిలుకు, నెలకు దాదాపు 2,270 జీవితాంతం వస్తుంది. మళ్లీ పనిలో చేరి జీతం తీసుకుంటున్నా సరే వస్తుంది. చాలామందికి తెలియక అడగరు.

కాబట్టి దవాఖానలో మొదటి కాగితం మీదే 'ఫ్యాక్టరీలో, ఫలానా మిషన్ మీద, ఫలానా టైముకు' అని రాయించండి, ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) చేయించండి. ఫ్యాక్టరీ ప్రమాద రిజిస్టర్‌లో ఎక్కించమని, ఈఎస్‌ఐకి ప్రమాద రిపోర్టు పంపమని వాట్సాప్‌లోనైనా రాసి అడగండి, ఆ మెసేజ్ చెరిపేయొద్దు. అత్యవసరంలో బయటి దవాఖానలో చేరితే రసీదులన్నీ దాచి తర్వాత ఈఎస్‌ఐని అడగొచ్చు, కానీ మొత్తం వస్తుందని లెక్క వేసుకోవద్దు. ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్య దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా 2010 సవరణ తర్వాత ఈఎస్‌ఐ పని ప్రమాదంగానే చూస్తుంది, అది పనికి పోయే దారే అని తేలాలి.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు, ముఖ్యంగా ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, తమకేం వర్తించదనుకుంటారు. పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ఫ్యాక్టరీలో నెల జీతం 21,000 లోపు ఉంటే వర్తిస్తుంది. కాంట్రాక్టర్ చందా కట్టకపోతే అసలు యజమాని బాధ్యుడు. మీ జీతంలో కోసేది 0.75 శాతమే, యజమాని కట్టేది 3.25. 21,000 దాటినవాళ్లకు నష్టపరిహారం యజమానే ఇవ్వాలి, కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి రావడంతో ఈ చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడు కొత్త ఫారమే అడగండి. తెల్ల రేషన్ కార్డు ఉన్న తెలంగాణ కుటుంబాలకు ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబర్ నుంచి పరిమితి పది లక్షలు.

తిరిగి పనిలోకి

భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదని 2025 నవంబర్ దాకా ఉన్న ఈఎస్‌ఐ చట్టం చెప్పేది. తీసేయరని కాదు, తీసేస్తే నిలదీయొచ్చని. మూడు నెలల తర్వాత కూడా ఫోన్‌లో ఒక్క మాట లేకుండా ఉంటే మీ స్థానంలో ఇంకొకరు స్థిరపడిపోతారు. అందుకే ప్రతి ఆపరేషన్ అయ్యాక సెలవు సర్టిఫికెట్ ఫొటో సూపర్‌వైజర్‌కూ, హెచ్ఆర్‌కూ పంపండి. 'తర్వాతి ఆపరేషన్ ఫలానా నెలలో' అని రాయండి. అది మీ పేరును లిస్టులో బతికి ఉంచుతుంది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఉత్త 'ఫిట్' అని రాయించుకుని ప్రెస్సు దగ్గరికే పోవద్దు. ఫ్లాప్ వేసిన చేతికి స్పర్శ సరిగా ఉండదు, వేడి టీ గ్లాసు పట్టుకుంటే కాలిందని బొబ్బ వచ్చాకే తెలుస్తుంది. డై కింద అలాంటి చెయ్యి పెట్టడం ఇంకో ప్రమాదానికి సంతకం. 'బరువు ఎత్తకూడదు, వేడి వస్తువులు, తిరిగే మిషన్లు మూడు నెలలు వద్దు' అని డాక్టర్‌తో వివరంగా రాయించుకుంటే స్టోర్, క్వాలిటీ చెకింగ్, గేట్ రికార్డు, ప్యాకింగ్ పనులు అడగడానికి ఆధారం ఉంటుంది. చెయ్యి పాత పనికి రాదని తేలితే రెండో చేత్తో చేయగలిగే పని ఆ ఆర్నెల్ల సెలవులోనే మొదలుపెట్టండి, కంప్యూటర్ మీద స్టాక్ ఎంట్రీ నేర్చుకోవడం అందులో ఒకటి. అశక్తత 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే వైకల్య సర్టిఫికెట్‌కు కూడా వెళ్లండి.

ఇదంతా దెబ్బ తగిలాక పనికొచ్చేది. ఈ రాత్రే చేయాల్సినవి రెండున్నాయి. ఉమంగ్ యాప్‌లో మీ ఈఎస్‌ఐ నంబరుకు పోయిన నెల చందా పడిందో లేదో చూడండి, పడకపోతే రేపే అడగండి. మీ ఇ-పెహచాన్ కార్డు ఫొటో తీసి, గదిలో మీతో ఉండే ఇద్దరికీ, ఊళ్లో ఒకరికీ పంపి పెట్టండి. చెయ్యి మిషన్ కింద ఉన్నప్పుడు ఫోన్ లాక్ తీసేది మీరు కాదు.